వేరే దేశపు పల్లెలో ఆరోగ్య సర్వే: విద్యార్థి వాలంటీర్లు గుమ్మం ముందు నిలబడి ఎలా అడగాలి?

ప్రజారోగ్య ప్రాజెక్టుల మీద పరాయి దేశపు పల్లెలకు వెళ్లే విద్యార్థులను చాలాకాలంగా దగ్గరుండి చూస్తున్నాను. ఒకప్పుడు నేనూ అలా వెళ్లి, చేయాల్సిన తప్పులన్నీ వరసగా చేసి వచ్చాను. ప్రయాణానికి సిద్ధం కావడంలో ఎవరూ పెద్దగా తప్పుచేయరు. వీసా, టికెట్టు, టీకాలు, టోపీ అన్నీ సమకూరుతాయి. పని పాడయ్యేది మొదటి ఇంటి గుమ్మం దగ్గర, నోరు తెరిచి మొదటి ప్రశ్న అడిగినప్పుడు. కాబట్టి మిగతావి గబగబా చెప్పేసి అక్కడికి వెళ్దాం.

ప్రాజెక్టు ఎంచుకోవడం

పిలుస్తున్న సంస్థకు ఒక్క ప్రశ్న రాయండి: "నేను రాకపోతే ఈ పని ఎవరు చేస్తారు?" "ఎవరూ చేయరు" అని జవాబొస్తే వెళ్లకండి. మీరు విమానం ఎక్కిన మర్నాడే ఆ పని ఆగిపోతుంది. "అక్కడి ఆరోగ్య కార్యకర్తలు చేస్తూనే ఉన్నారు, మీరు వాళ్ల వెంట తిరిగి లెక్కలు రాసిపెట్టాలి" అంటే నిశ్చింతగా ఒప్పుకోండి.

ఆరు వారాలకు తక్కువైతే వద్దు. రెండు వారాల ట్రిప్పులో మొదటి వారం కడుపునొప్పితో, రెండో వారం వీడ్కోలు ఫొటోలతో పోతుంది. సూదులు వేయనిస్తాం, కుట్లు వేయనిస్తాం, కాన్పులో చెయ్యి కలపనిస్తాం అని ఊరించే ప్రకటన కనబడితే ఆ పేజీ అక్కడే మూసేయండి. మీ దేశంలో చేయడానికి మీకు అర్హత లేని పనికి, అవతలివాళ్లు పేదవాళ్లయినంత మాత్రాన అర్హత రాదు.

టీకాలు, కాగితాలు

ప్రయాణానికి కనీసం ఆరు వారాల ముందు డాక్టర్ని కలవండి. కొన్ని దేశాలు ఎల్లో ఫీవర్ టీకా సర్టిఫికెట్ అడుగుతాయి. టీకా వేయించుకున్న పదో రోజు నుంచే అది చెల్లుతుంది. 2016 జులై నుంచి జీవితాంతం చెల్లుబాటవుతోంది కాబట్టి పాతది ఉంటే పారేయకండి. మలేరియా ఉన్నచోటికైతే మాత్రలు రాస్తారు. వాటిని వేసుకోవడం అందరికీ గుర్తుంటుంది, ఇంటికొచ్చాక కొనసాగించడమే మరిచిపోతారు. డాక్సీసైక్లిన్ అయితే ఆ ప్రాంతం వదిలాక నాలుగు వారాలు, అటోవాక్వోన్-ప్రోగ్వానిల్ అయితే వారం రోజులు వాడాలి. రేబిస్ టీకా ముందే వేయించుకున్నా, కుక్క కరిస్తే గాయాన్ని సబ్బునీళ్లతో పదిహేను నిమిషాలు కడిగి డాక్టర్ దగ్గరికి పరుగెత్తాల్సిందే.

ఇదంతా మీ ఒక్కరి క్షేమం కోసమే అనుకోకండి. 2010లో హైతీలో కలరా చెలరేగింది. ఐక్యరాజ్యసమితి శాంతిదళాల శిబిరం నుంచి మురుగు నదిలో కలవడమే అందుకు కారణం. దాదాపు పదివేల మంది చనిపోయారు. సాయానికని వెళ్లినవాళ్ల వెంట రోగం కూడా వెళ్లగలదు. ఒంట్లో బాగాలేని రోజు ఊళ్లోకి వెళ్లకండి.

సేకరించిన వివరాలతో ఏదైనా ప్రచురించే ఆలోచన ఉంటే, పరిశోధనల మంచిచెడ్డలు చూసే ఎథిక్స్ కమిటీ అనుమతి ముందే తీసుకోవాలి, మీ కాలేజీదీ ఆ దేశానిదీ రెండూ. వెళ్లొచ్చాక అడిగితే ఎవరూ ఇవ్వరు.

బ్యాగు

పొడుగు చేతుల చొక్కాలు, టార్చి, దోమతెర, మీకోసం ఓఆర్ఎస్ ప్యాకెట్లు, గట్టి అట్ట ఉన్న నోటు పుస్తకాలు, పెన్సిళ్లు. పెన్ను వద్దు, వానకు తడిస్తే అక్షరాలు అలుక్కుపోతాయి. ట్యాబ్ అసలే వద్దు. అంకెలు ఎక్కించడంలో తప్పులు తగ్గుతాయని వాదించేవాళ్లున్నారు, అది నిజమే కూడా. కానీ మీ చూపు తెర మీదుంటే ఎదుటామె ముఖం ఎవరు చూస్తారు? అంకెలను సాయంత్రం ఎక్కించుకోవచ్చు.

చాక్లెట్లు, బొమ్మలు, టీషర్టులు పంచకండి. పంచితే మీ తర్వాత వచ్చే వాలంటీర్ వెంట పిల్లలు చేతులు చాపుకుని నడుస్తారు.

మొదటి వారం

ఏమీ అడగకండి. ఆరోగ్య కార్యకర్త వెంట నడవండి. నీళ్లు ఎక్కడి నుంచి తెస్తున్నారో, ఇంట్లో దేంట్లో పోసి ఉంచుతున్నారో, సంత ఏ రోజో చూడండి. ఊరి పెద్దల అనుమతి తీసుకోండి. పలకరింపులు నేర్చుకోండి.

అసలు మెట్టు: దుబాసీ (మాటను ఒక భాష నుంచి మరో భాషలోకి మార్చి చెప్పే మనిషి) ద్వారా అడగడం

"గత రెండు వారాల్లో మీ బిడ్డకు విరేచనాలయ్యాయా?" ఇంత సులువైన ప్రశ్న మరొకటి లేదనిపిస్తుంది. ఫారంలో ఒక గడి, అవును లేదా కాదు.

ఒక ఊళ్లో మేం నలభై ఇళ్లు తిరిగి ఈ ప్రశ్న అడిగితే ఇద్దరు మాత్రమే అవునన్నారు. ఊరు ఎంత ఆరోగ్యంగా ఉందో అని సంబరపడ్డాం. ఆ పక్కనే పిల్లలకు నీళ్ల విరేచనాలవడం కళ్లతో చూస్తూనే ఉన్నాం, ఈ రెండూ ఎలా పొసుగుతాయన్న అనుమానం మాత్రం రాలేదు. మూడో రోజు ఒక ముసలామె నవ్వి అసలు సంగతి చెప్పింది. మా ఫారంలో వాడిన మాటకు అక్కడ అర్థం నెత్తురు పడే పెద్ద జబ్బు. పళ్లొచ్చేటప్పుడు పిల్లలకు పల్చగా అవడానికి వేరే మాటుంది, వాళ్ల లెక్కలో అది జబ్బే కాదు. నలభై ఫారాలు చెత్తబుట్టలోకి వెళ్లాయి.

అందుకని ప్రశ్నను ముందు స్థానిక భాషలోకి మార్పించండి. తర్వాత, మూలం చూడని మరో మనిషితో దాన్ని వెనక్కి మీ భాషలోకి చెప్పించండి. ఒకరోజు పడుతుంది, విసుగ్గా ఉంటుంది, అయినా తప్పదు. మార్చినవాడే "సరిగ్గానే ఉంది" అని హామీ ఇస్తే అది లెక్కలోకి రాదు. ఆపైన నలుగురైదుగురు తల్లులను కూర్చోబెట్టి పిల్లలకు కడుపు చెడితే ఏమేమి మాటలంటారో అన్నీ రాసుకోండి. రోగం పేరు అడగడం మానేసి కనిపించేదే అడగండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్వచనం కూడా అలాంటిదే: ఒక పగలూ రాత్రిలో మూడుసార్లు లేదా అంతకన్నా ఎక్కువ, పల్చగా.

"రెండు వారాలు" అన్నదీ అంతే. క్యాలెండర్ మీ గోడకుంది, ఆమె గోడకు ఉండకపోవచ్చు. వారానికోసారి సంత జరిగే ఊరైతే "మొన్నటి సంతకు ముందు సంత నుంచి ఇప్పటిదాకా" అని అడగండి.

ఇక దుబాసీ ఎవరన్నది. ఊరి పెద్దగారి కొడుకు వద్దు. బడి పిల్లలు అసలే వద్దు, తల్లి నోట వినకూడని మాటలు వాళ్లతో చెప్పించడం పాపం. ఆడవాళ్ల విషయాలు మగ దుబాసీ ముందు బయటికి రావు. నా లెక్కలో పక్క ఊరి ఆడమనిషి సరైనది. భాష ఒకటే, ఈ ఊరి తగాదాలు ఆమెవి కావు, ఇక్కడ విన్నది ఇక్కడే మోసుకు తిరగదు. ఆమెకు కూలి ఇవ్వండి. "అనుభవం వస్తుంది కదా" అని ఊరికే పనిచేయించుకోకండి.

కూర్చునేటప్పుడు దుబాసీ మీ పక్కన, అర అడుగు వెనగ్గా ఉండాలి. మీరు చూడాల్సింది తల్లిని. "ఆమెకు పిల్లలెంతమందో అడుగు" అని దుబాసీతో అన్నారంటే ఎదురుగా ఉన్న మనిషిని గోడను చేశారన్నమాట. "మీకు ఎంతమంది పిల్లలమ్మా?" అని తల్లి కళ్లలోకి చూస్తూ మీ భాషలోనే అడగండి, దుబాసీ దాన్ని మారుస్తుంది. ఒకసారికి ఒకే వాక్యం.

తల్లి రెండు నిమిషాలు చెప్పాక దుబాసీ "లేదట" అని ఒక్క ముక్కతో ముగిస్తే అక్కడే ఆగాలి. మీకు కావలసింది ఆ రెండు నిమిషాల్లోనే ఉంది. అయితే తల్లి ముందు దుబాసీని మందలించకండి. "ఆమె చెప్పిందంతా వినాలనుంది, మొదటి నుంచి చెప్తావా?" అంటే చాలు. నాలుగిళ్లు తిరిగేసరికి అలవాటవుతుంది.

ప్రశ్నలకు ముందు అనుమతి. మా దగ్గర మందులు లేవు, డబ్బు లేదు, పథకంలో పేరు రాయించే అధికారం లేదు, జవాబు చెప్పకపోయినా మీకు ఏ నష్టమూ ఉండదు. ఈ నాలుగు మాటలూ ప్రతి ఇంట్లో చెప్పాల్సిందే. చెప్పకపోతే వాళ్లు ఆశతోనో భయంతోనో జవాబిస్తారు, రెండూ అబద్ధాలే పుట్టిస్తాయి. ఊరి పెద్దను వెంటబెట్టుకుని వెళ్తే "వద్దు" అనే ధైర్యం ఎవరికీ ఉండదు, ఆయన్ను రచ్చబండ దగ్గరే దణ్ణం పెట్టి ఆపేయండి. వేలిముద్ర అనగానే భూమి కాగితాలు గుర్తొచ్చి వణికేవాళ్లున్నారు. ఎథిక్స్ కమిటీ ఒప్పుకుంటే నోటిమాట అనుమతే తీసుకోండి.

అడిగాక నోరు మూసుకోండి. విద్యార్థులకు అన్నిటికన్నా కష్టమైనది ఇదే. మనసులో పది అంకెలు లెక్కపెట్టండి. ఆ మౌనం భరించలేక "అంటే నీళ్లు కాచే తాగుతారు కదా?" అని అందిస్తారు. ఆమె "అవును" అంటుంది. వచ్చినవాళ్లను నొప్పించకూడదన్న మర్యాద ఆ అవునులో ఉంది, నీళ్ల సంగతి లేదు. వీలున్నచోట అడగడం మాని చూడండి. "సబ్బుతో చేతులు కడుక్కుంటారా?" అంటే లోకంలో అందరూ కడుక్కుంటారు. "చేతులు కడుక్కునే చోటు చూపిస్తారా?" అనండి. అక్కడ నీళ్లున్నాయా, సబ్బు ఉందా అన్నది మీ కళ్లే చెబుతాయి. పెద్ద పెద్ద కుటుంబ సర్వేల్లోనూ ఇలాగే చూసి రాస్తారు.

ఇదంతా ఎందుకు, నాలుగు పోస్టర్లు అంటించి ఉపన్యాసమిస్తే పోలేదా అని ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. బంగ్లాదేశ్‌లో 1980 నుంచి పదేళ్లపాటు బ్రాక్ అనే స్వచ్ఛంద సంస్థ మహిళా కార్యకర్తలు ఇల్లిల్లూ తిరిగి, విరేచనాలకు ఉప్పు-బెల్లం నీళ్లు కలపడం నేర్పారు. మూడు వేళ్ల చిటికెడు ఉప్పు, పిడికెడు బెల్లం, అర సేరు (దాదాపు అర లీటరు) నీళ్లు. కోటికి పైగా ఇళ్లు తిరిగారు. నాకు నచ్చేది వాళ్ల జీతం లెక్క. ఎన్ని ఇళ్లు తిరిగారన్న దాన్నిబట్టి కాకుండా, తర్వాత మరొకరు వెళ్లి అడిగినప్పుడు తల్లులకు ఎంత గుర్తుందో దాన్నిబట్టి ఇచ్చేవారు. ఉపన్యాసాలకు ఆ లెక్కన జీతమిస్తే చాలామంది పస్తులుండాలి.

ఒక హెచ్చరిక. సర్వే మధ్యలో కళ్లు లోపలికి పోయి, తాగలేక, మత్తుగా పడి ఉన్న బిడ్డ కనబడితే ఫారం పక్కన పెట్టేయండి. ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు బిడ్డ జబ్బ కొలత 115 మిల్లీమీటర్లకు తగ్గినా అంతే, అది తీవ్రమైన పోషకాహార లోపం. మీరు వైద్యం చేయకండి. ఆరోగ్య కార్యకర్తను పిలిచి, బిడ్డను ఆరోగ్య కేంద్రానికి చేర్చండి. బండి ఎవరిది, ఫోన్ నంబరు ఎంత అన్నది మొదటి వారంలోనే రాసిపెట్టుకుని ఉండాలి.

సాయంత్రం, ఆఖరి రోజు

ఆ రోజు ఫారాలు ఆ రోజే దుబాసీతో కూర్చుని చదవండి. రేపటికి మీకూ గుర్తుండదు, ఆమెకూ గుర్తుండదు. ఒక ప్రశ్నకు అందరూ ఒకే జవాబు చెబుతున్నారంటే తప్పు జనంలో కాదు, ప్రశ్నలో ఉందేమో వెతకండి.

బయల్దేరే ముందు తేలిన విషయాలను ఊరివాళ్లను కూర్చోబెట్టి వాళ్ల భాషలో చెప్పండి, ఎవరి పేరూ బయటపెట్టకుండా. ఒక కాపీ ఆరోగ్య కేంద్రంలో ఇవ్వండి. మిగిలిన ఖాళీ ఫారాలు, పెన్సిళ్లు, తల్లులు చెప్పిన ఆ మాటల జాబితా కార్యకర్త చేతికి అప్పగించండి. జాబితాను మాత్రం మంచి దస్తూరితో తిరగరాసి ఇవ్వండి, మీ తర్వాత వచ్చే కుర్రాడికి అది అర్థం కావాలి.