తొలకరికి ముందే బొగ్గు గనిలో చూసుకోవలసినవి

మృగశిర కార్తె వస్తే ఊళ్లన్నీ చేపల కోసం పరుగెడతాయి. బొగ్గు గనుల ఊళ్లలో ఇంకో పరుగు కూడా ఉంటుంది. పంపులు, పైపులు, ఇసుక బస్తాలు, టార్పాలిన్లు. మే నెలంతా స్టోరులో నిద్రపోయిన ఇండెంట్లకు (సామాన్లు కోరుతూ రాసిన కాగితాలకు) జూన్ మొదటి వారంలో రెక్కలొస్తాయి. కాగితం మీద 'వర్షాలకు ముందు' అని రాసిన పనుల్లో సగం వర్షంలోనే జరుగుతాయి. ఓవర్‌మేన్‌గా (షిఫ్టులో పనినీ భద్రతనూ చూసేవాడిగా) భూగర్భ గనిలో, ఆ తర్వాత ఓపెన్‌కాస్ట్‌లో (పైనుంచే తవ్వే గనిలో) చాలా వానాకాలాలు గడిపాను. పంపు చెడిపోయి జరిగిన నష్టం కన్నా, పంపు దగ్గరున్న మనిషి మాట వినకపోవడం వల్ల జరిగిన నష్టమే ఎక్కువని నా లెక్క. అందుకే ఈ జాగ్రత్తలన్నీ యంత్రాలతో కాక మనుషులతో మొదలుపెడుతున్నాను.

నేను పనిచేసిన ఒక గనిలో పంపు నడిపే ఖలాసీ ఒకడు ఉండేవాడు. ఒకసారి రెండో షిఫ్టులో డిప్ (పల్లం) వైపు ఫేస్ (బొగ్గు తవ్వుతున్న గోడ) నుంచి కారుతున్న నీటిని దోసిట్లో పట్టి వాసన చూశాడు. కుళ్లిన కోడిగుడ్డు వాసన. బొగ్గు గోడ మీద తుప్పు రంగు చారలు. వెళ్లి అక్కడి పని, భద్రత చూసే సర్దార్‌కు చెప్పాడు. సర్దార్ మంచివాడు, పని ఆపించాడు. ముందుకు బోరు వేసి చూస్తే ఏమీ లేదు. ఒక షిఫ్టు బొగ్గు పోయింది, అంతే. కానీ ఆ తర్వాత నెల రోజులు క్యాంటీన్‌లో అతను కనిపిస్తే చాలు, "స్వామీ, ఇవాళ గంగ ఎటునుంచి వస్తుంది?" అని అడగడం, అందరూ నవ్వడం. నేనూ నవ్వాను. రెండేళ్ల తర్వాత ఆగస్టులో, పంపులు రెండూ ఆడుతున్నా సంపులో (నీరు చేరే గుంటలో) నీరు తగ్గకపోగా పెరుగుతోందని అందరికన్నా ముందు చూసింది అతనే. చెప్పలేదు. నడుము లోతు నీరు వచ్చాక, పంపులు రెండూ మునిగాక, అందరం రైజ్ (ఎత్తు) వైపు నుంచి బయటపడ్డాం. ఎవరికీ ఏమీ కాలేదు, అదృష్టం. "చెబితే మళ్లీ నవ్వుతారని ఊరుకున్నాను సార్" అన్నాడు. విచారణ కాగితంలో కారణం 'పంపింగ్ సామర్థ్యం చాలకపోవడం' అని రాశారు. మా నవ్వుల సంగతి రాయడానికి అందులో గడి లేదు.

కాబట్టి మే నెలలోనే, మస్టర్ (హాజరు) దగ్గర అందరూ ఉన్నప్పుడు, మేనేజర్ నోటితో చెప్పించవలసిన మాటలు కొన్ని ఉన్నాయి. ప్రమాదం ఉందని ఎవరికి అనుమానం వచ్చినా పని ఆపమని చెప్పవచ్చు. ఆపినందుకు ఎవరి మస్టరూ పోదు. అనుమానం ఉత్తదే అని తేలితే దాన్ని ఆ నెల మాక్ డ్రిల్లుగా రిజిస్టరులో రాస్తారు. ఓపెన్‌కాస్ట్‌లో ఈ హామీ కాంట్రాక్టు డ్రైవర్లకు మరీ అవసరం. ట్రిప్పుల లెక్కన కూలి ముట్టే మనిషిని 'జాగ్రత్తగా నడుపు' అనడం సులువే. రోడ్డు జారుతోందని బండి పక్కన పెడితే ఆ రోజు కూలి ఎవరిస్తారన్నది కాంట్రాక్టరుతో ముందే తేల్చుకోకపోతే ఆ మాటకు విలువ లేదు. 100 మందికి పైగా పనిచేసే ప్రతి గనిలో భద్రతా కమిటీ ఉండాలన్నది నిబంధన. మే నెల సమావేశంలో బ్యానర్ల ఖర్చు గురించి కాక దీని గురించి పోట్లాడండి.

ఇక నీటి సంగతి. గనిలో నీటి ప్రమాదం అనగానే కుండపోత వాన గుర్తొస్తుంది. అది సగమే నిజం. 1995 సెప్టెంబరు 27న ధన్‌బాద్ దగ్గరి గాస్లిటాండ్ గనిలో కట్రీ నది వరద 64 మందిని పొట్టన పెట్టుకుంది. అది వాన చేసిన పని. కానీ అదే జరియా బొగ్గు ప్రాంతంలోని చస్నాలాలో 375 మంది పోయింది 1975 డిసెంబరు 27న. బాగ్డిగీలో 29 మంది పోయింది 2001 ఫిబ్రవరి 2న. రెండూ చలికాలాలే. ఎప్పుడో బొగ్గు తవ్వి వదిలేసిన చోట్లలో, అంటే పాత పనుల్లో, చేరి కూర్చున్న నీరు, మధ్యలో ఉన్న బొగ్గు గోడ తెగగానే మీద పడింది. మన గోదావరిఖనిలో 7 ఎల్‌ఈపీ గనిలోకి నీరు దూసుకొచ్చి 17 మంది చనిపోయింది 2003 జూన్ 16న. మృగశిర ఇంకా దాటలేదు.

అంటే చూడవలసినవి రెండు: పైనుంచి వచ్చే నీరు, లోపల దాక్కున్న నీరు.

పైనుంచి వచ్చేదాని కోసం గని మీది నేలంతా కాలినడకన తిరగాలి. జీపులో కాదు. కప్పును మోసే బొగ్గు స్తంభాలు (పిల్లర్లు) తీసేసిన చోట నేల కుంగి పగుళ్లు పడతాయి. తుమ్మ చెట్ల కింద, లాంటానా పొదల్లో అవి కనిపించవు. సర్వేయర్ మ్యాప్‌తో పాటు ఆ పొలాల్లో మేకలు మేపేవాళ్లను కూడా వెంటబెట్టుకుని వెళ్లండి. ఏ పగుల్లో మేకపిల్ల కాలు ఇరుక్కుందో వాళ్లు చూపిస్తారు. పగుళ్లను రాళ్లతో పూడ్చి వదిలేస్తే నీరు సందుల్లోంచి దిగుతూనే ఉంటుంది. బంకమట్టి వేసి దిమ్మిసతో కొట్టి, నేల కన్నా కొంచెం ఎత్తుగా ఉంచితే నీరు పక్కకు జారుతుంది. వాగు మళ్లింపు కట్టల్లో ఎండ్రకాయల బొరియలు, ఎలుక కన్నాలు వెతకండి. కట్ట తెగడానికి అక్కడే దారి దొరుకుతుంది. క్వారీ (ఓపెన్‌కాస్ట్ గుంత) చుట్టూ, డంపుల (తవ్విపోసిన మట్టికుప్పల) చుట్టూ వాననీరు మళ్లించడానికి తవ్విన గార్లాండ్ డ్రెయిన్లలో పోయినేడు చేరిన ఒండ్రు ఈ ఏడు తీయాలి.

గనిలోకి నీరు దిగగల ప్రతి ద్వారం, అక్కడి గరిష్ఠ వరద మట్టానికి కనీసం 1.5 మీటర్ల ఎత్తున ఉండాలి. అయితే ఆ గరిష్ఠ మట్టం ఎప్పటిది? చాలాచోట్ల గోడ మీద ఎప్పుడో వేసిన ఎర్ర గీతే ఇప్పటికీ లెక్క. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది. 1986 తర్వాత అంత వరద అదే. ఆ జూలైలో మీ వాగు ఎంతవరకు ఎగదన్నిందో చూసిన మనుషులు ఇంకా ఉన్నారు. వాళ్లను అడిగి గీత మార్చండి. గోదావరి ఒడ్డు గనులకు ఇంకో సంగతి: మీ దగ్గర చినుకు లేకపోయినా కడెం, ఎల్లంపల్లి గేట్లు ఎత్తితే నీరు వస్తుంది. ప్రాజెక్టు కంట్రోల్ రూము నంబరు పిట్ ఆఫీసులో గోడ మీద పెద్ద అక్షరాలతో ఉండాలి. అది ఇంకా పనిచేస్తోందో లేదో ఒకసారి ఫోను చేసి చూడండి.

లోపల దాక్కున్న నీటి విషయంలో నిబంధన చెప్పే దూరం 60 మీటర్లు. నీరుండవచ్చని అనుమానమున్న పాత పనులకు అంత దగ్గరకు వచ్చాక, ముందు బోర్లు వేసి చూసుకుంటూ తప్ప అడుగు వేయకూడదు. ఫేస్ మధ్యలో ఒక్క బోరు వేసి సరిపెట్టకూడదు, పక్కలకు కూడా వేయాలి. 'అంత గోడ ఉంది, ఏమవుతుంది' అనేవాళ్లకు నేను చెప్పే లెక్క ఒకటుంది. 10 మీటర్ల ఎత్తు నీరు చదరపు సెంటీమీటరుకు కిలో ఒత్తిడి ఇస్తుంది. 30 మీటర్ల ఎత్తున నీరు నిలిచి ఉంటే మీ అరచేతి మేర గోడ మీద దాదాపు 300 కిలోలు. ఎంత మేర గోడ ఉందో ఆలోచించుకోండి. పైగా పాత ప్లాన్ల మీది గీతలు కొన్నిసార్లు సర్వేయర్ కొలతలు, కొన్నిసార్లు అతని ఆశలు.

బోరు కాక మన ఒంటికే తెలిసే గుర్తులు కూడా ఉన్నాయి. ఎండిన గోడ చెమటలు పట్టడం, తుప్పు రంగు నీరు, కుళ్లు వాసన, ఉన్నట్టుండి చల్లగాలి తగలడం, బొగ్గులోంచి బుస్సుమనే చప్పుడు, గట్టి బొగ్గు మెత్తబడటం. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా తట్టాబుట్టా వదిలి ఎత్తు వైపు నడవాలి. పల్లం వైపు ఉన్న దారి ఎంత దగ్గరైనా అటు పోకూడదు. రెండో దారి ఎక్కడుందో తెలియడం వేరు, నడిచి ఉండటం వేరు. వానలకు ముందు ప్రతి షిఫ్టూ ఒకసారి, క్యాప్ ల్యాంపుల వెలుగులో, ఆ దారి పొడవునా నడిచి పైకి రావాలి. నిన్న చేరిన కాంట్రాక్టు కుర్రాడితో సహా. సగం దారిలో తలుపు ఇరుక్కుపోయిందనో, దారికి అడ్డంగా పాత పైపులు పడేశారనో తెలిసేది అప్పుడే.

ఉరుములతో కరెంటు పోతే పంపులతో పాటు మెయిన్ ఫ్యాన్ కూడా ఆగుతుంది. ఫ్యాన్ ఆగితే మనుషులు తాజా గాలి వచ్చే వైపు రావాలి. మళ్లీ తిరిగాక గ్యాస్ చూసిన తర్వాతే లోపలికి పోవాలి. 'రెండు నిమిషాల్లో వస్తుందిలే' అని కూర్చోవద్దు. గాలివాన ముందు వాతావరణ పీడనం పడిపోయినప్పుడు, మూసేసిన గోఫ్‌లోని (బొగ్గు తీసేసిన ఖాళీలోని) గ్యాస్, దాన్ని మూసిన గోడల (స్టాపింగుల) సందుల్లోంచి బయటికి తన్నుకొస్తుంది. అలాంటి రోజుల్లో స్టాపింగుల దగ్గర మీథేన్, ఆక్సిజన్ రెండూ కొలవాలి. తేమ గాలికి షేల్ కప్పు కూడా నాని పొరలుగా విడిపోతుంది. వేసవిలో తట్టితే కంచులా మోగిన కప్పు ఆగస్టులో డొల్లగా పలుకుతుంది. కప్పుకు వేసిన పాత బోల్టుల మీద నమ్మకం పెట్టుకోకుండా మళ్లీ తట్టి చూడండి.

ఓపెన్‌కాస్ట్‌లో భయం వేరే రకం. అక్కడ నీటికన్నా బురద, బురదకన్నా మట్టికుప్పలు. జార్ఖండ్‌లోని రాజ్‌మహల్ ఓపెన్‌కాస్ట్‌లో 2016 డిసెంబరు 29న కుప్ప జారి 23 మంది పోయారు. అదీ డిసెంబరే. వాన ఆగాక రెండు మూడు రోజులకు, ఎండ కాసి అందరూ ఊపిరి పీల్చుకున్నాక జారే కుప్పలు చాలా ఉంటాయి. నీరు లోపలికి ఇంకడానికి సమయం పడుతుంది కదా. కొన్ని పెద్ద గనుల్లో కుప్ప కదలిక కనిపెట్టే రాడార్లు పెట్టారు, మంచిదే. లేనిచోట రెండు మేకులు, ఒక టేపు చాలు. కుప్ప నెత్తి మీద పగులు కనిపిస్తే దానికి అటొక మేకు, ఇటొక మేకు దిగగొట్టి, పొద్దున్నా సాయంత్రమూ మధ్య దూరం కొలిచి రాయండి. పెరుగుతోందా, కింద ఉన్న షవెల్‌నూ (తవ్వే యంత్రాన్నీ) మనుషులనూ తీసేయండి. ఎందుకు పెరుగుతోందో తర్వాత ఆలోచించవచ్చు. కుప్ప అడుగున నీరు ఊరుతున్నా, పాదం దగ్గర మట్టి ఉబ్బుతున్నా ఇదే పని.

డంపర్ డ్రైవర్లకు: తడిసిన అంచు దాకా వెనక్కి నడిపి పోయవద్దు. కాస్త ఇవతలే పోస్తే డోజర్ నెడుతుంది. రోడ్డు పక్క మట్టికట్ట అతిపెద్ద డంపర్ టైరంత ఎత్తు ఉండాలి. వానకు కరిగి మోకాలి ఎత్తుకు వస్తే అది కట్ట కాదు, అలంకారం. గుంటలోంచి వచ్చాక బ్రేకు ఒకసారి తొక్కి చూసుకోండి. గ్రేడర్ (రోడ్డు చదును చేసే యంత్రం) బురద తీయకముందు లోడుతో పల్లానికి దిగవద్దు. వైపర్, హారన్, వెనక లైటు వంటివి చెప్పనక్కరలేదు, అయినా జూలైలో వైపర్ లేని బండ్లు కనిపిస్తూనే ఉంటాయి.

సంపులో తేలే పంపు మీదికి ఒక్కరే వెళ్లకూడదు, లైఫ్ జాకెట్ లేకుండా అసలే వెళ్లకూడదు. షవెల్ కేబుల్ నీటిగుంటలో పడి ఉంటే ఉత్తచేతులతో లాగవద్దు. ఎర్త్ లీకేజీ రిలే (కరెంటు నేలలోకి కారితే సరఫరా ఆపేసే పరికరం) మాటిమాటికి కొడుతోందని దాన్ని పనిచేయకుండా కట్టేసే ఎలక్ట్రీషియన్ ప్రతి గనిలోనూ ఒకరుంటారు. ఆయనకు తన పని మీద నమ్మకం ఎక్కువ. వర్షాలకు ముందే ఆయనతో ఒకసారి మాట్లాడండి. దూరంగా ఉరుము వినిపిస్తే ఛార్జింగ్ (బోర్లలో పేలుడు మందు నింపడం) ఆపి అందరూ బ్లాస్టింగ్ జోన్ దాటి రావాలి.

ఆరోగ్యం గురించి రెండు మాటలు. తడి బూట్లతో ఎనిమిది గంటలు నిలబడితే కాళ్లు పాచిపోతాయి. ఎలుకలు తిరిగే నీటిలో కోతపడ్డ కాలు పెడితే లెప్టోస్పైరోసిస్ రావచ్చు. రెండో జత సాక్సులు, పొడిగుడ్డ సంచిలో ఉంచుకోండి. జ్వరం, ఒళ్లునొప్పులు ఉంటే నాగా పడుతుందని దాచవద్దు. డాక్టరుకు 'గనిలో నీళ్లలో పనిచేస్తాను' అని ముందే చెప్పండి, ఆయనకు ఆ సంగతి తట్టకపోవచ్చు. లోపల తేమ పెరిగితే చెమట ఆరదు. వెట్‌బల్బ్ ఉష్ణోగ్రత (తడిగుడ్డ చుట్టిన థర్మామీటరు చూపేది) 33.5 డిగ్రీలు దాటిన చోట పని చేయించకూడదు. 30.5 దాటితే అక్కడ గాలి ఆడుతోందో లేదో చూడాలి.

దసరాతో వానాకాలపు రిజిస్టరు మూసేయడం మామూలు. మూసేముందు ఒక పని మిగిలి ఉంటుంది. ఈ వానలకు పాత పనుల్లో నీరు ఎంతవరకు నిలిచిందో బోర్ల ద్వారా కొలిచి, ప్లాన్ మీద నీలం రంగుతో గీసి, పక్కన తేదీ, కొలిచినవాడి సంతకం పెట్టండి. డిసెంబరులో ఫేస్ ముందుకు నడిపేవాళ్లు చూడవలసింది ఆ గీతనే.