తైలవర్ణ ముఖచిత్రణ – నాలుగో పాఠం: నీడ ముందు, కళ్లు తరువాత

కిందటి పాఠంలో చెప్పినట్లు కాన్వాసు మీద బొగ్గుతో తల ఆకారం నిలిపినవారు ఈ వారం రంగు ముట్టుకోవచ్చు. అయితే చెన్నైలో ఉన్నవారు కుంచె పట్టేముందు ఒక పూట ఎగ్మోరు ప్రభుత్వ మ్యూజియానికి వెళ్లి రవివర్మ చిత్రాల ముందు నిలబడాలి.

ఆయన తైలవర్ణం నేర్చుకున్నదీ చాలావరకు చూసే. 1862లో, 14 ఏళ్ల వయసులో, తిరువనంతపురం ఆస్థానానికి చేరిన ఆ కిళిమానూరు కుర్రవాడికి అక్కడి చిత్రకారుడు రామస్వామి నాయకర్ పని నేర్పడానికి ఇష్టపడలేదు. 1868లో వచ్చిన ఐరోపా చిత్రకారుడు థియోడర్ జెన్సన్ తాను బొమ్మ వేస్తుంటే చూడనిచ్చాడే గాని పాఠం చెప్పలేదు. అయినా 1873లో ఈ చెన్నపట్నం ప్రదర్శనలోనే, తలలో మల్లెలు తురుముకుంటున్న నాయర్ స్త్రీ చిత్రానికి గవర్నరు బంగారు పతకం ఆయనకే దక్కింది.

చూడటానికీ ఒక పద్ధతి ఉంది. కళ్లు చికిలించి చూస్తే నగలు, జరీ అంచు వెనక్కి తగ్గి, ముఖంలో వెలుగు, నీడ అనే రెండు భాగాలే మిగులుతాయి. వాటి సరిహద్దు ఎక్కడ కత్తితో కోసినట్లు తెగిందో, ఎక్కడ చెంప గుండ్రంలో మెల్లగా కరిగిపోయిందో పెన్సిలుతో రాసుకోండి. నగల పనితనం చూసి మురిసిపోవడం తప్పు కాదు గాని, నేటి పాఠానికి అది అక్కరలేదు.

ఇంటికి వచ్చాక బర్న్ట్ అంబర్ అనే ముదురు గోధుమ రంగును టర్పెంటైన్‌తో పలుచన చేసి, వెడల్పు కుంచెతో కంటిగుంటలు, ముక్కు కింద, పైపెదవి, గడ్డం కింద నీడలన్నీ ఒకే పూతగా నింపండి. పూత పొరపాటున వెలుగు భాగంలోకి వస్తే పాత నూలు గుడ్డతో తుడిచేయండి. కనుపాప, కనురెప్ప జోలికి మాత్రం వెళ్లవద్దు. ట్రిప్లికేన్ గదిలో మా అమ్మమ్మ బొమ్మ మొదలుపెట్టినప్పుడు నేను రెండు రోజులు కళ్లే దిద్దాను. అవి చక్కగా కుదిరాయి, కాని ముఖంలో అరంగుళం పైన కూర్చున్నాయి. చెరపడానికి మనసు రాక బొమ్మనే పాడుచేసుకున్నాను.

ఈ తొలి పూతలో అవిసె నూనె కలపకండి. ఆ నూనె నీటిలా ఆవిరైపోదు, గాలిలోని ప్రాణవాయువును పీల్చుకొని నెమ్మదిగా గట్టిపడుతుంది. అందుచేత కింద నూనె ఎక్కువై, పైన తక్కువైతే, పై పొర ముందుగా ఆరి, తరువాత కింది పొర కదిలినప్పుడు పగుళ్లు తీస్తుంది. పూత వేలికి అంటనంతగా ఆరేవరకు ఆగండి. వచ్చే పాఠంలో చర్మపు ఛాయ కలపడానికి ఎల్లో ఓకర్ (మట్టి పసుపు), వెర్మిలియన్ (సింధూరపు ఎరుపు), తెలుపు సిద్ధంగా ఉంచుకోండి.