కోనసీమలో కూర్చుని మొదటి ర్యాప్ ఆల్బమ్ చెయ్యాలంటే: లండన్ డేవ్ దగ్గర నేర్చుకోవాల్సినవి

మా వైపు కుర్రాళ్ళు ఈ మధ్య ర్యాప్ బాగా రాస్తున్నారు. రాజోలు నుంచి, పాలకొల్లు నుంచి, ముమ్మిడివరం నుంచి ఫోన్‌కి పాటలు పంపిస్తారు, అన్నీ వింటాను. గొంతు ఉంటుంది, తాళం ఉంటుంది, కానీ పది పాటలు విన్నాక కూడా పాడినవాడు ఎవరో, ఏ కాలవ గట్టు మీద పెరిగాడో తెలియదు. అందరి పాటల్లోనూ అదే కారు, అదే గొలుసు, అదే శత్రువు. వీళ్ళలో ఆల్బమ్ చేద్దామనుకునేవాళ్ళు ముందు ఒక ఆల్బమ్‌ని మొదటి నుంచి చివరిదాకా, పాటలు దాటెయ్యకుండా, కనీసం మూడుసార్లు వినండి. లండన్ ర్యాపర్ డేవ్ చేసిన సైకోడ్రామా.

డేవ్ 1998లో పుట్టాడు. దక్షిణ లండన్‌లో స్ట్రెథమ్ అనే పేటలో పెరిగాడు, తల్లిదండ్రులు నైజీరియా నుంచి వెళ్ళినవాళ్ళు. పియానో వాయిస్తాడు, అది పాటల్లో వినిపిస్తుంది కూడా. 2015లో కెమెరా ముందు నిలబడి పాటలా కాకుండా ఏకబిగిన ర్యాప్ చెప్పిన ఫ్రీస్టైల్ వీడియోలతో జనం చెవిన పడ్డాడు. 2016లో ఒక ఈపీ, అంటే కొద్ది పాటల చిన్న ఆల్బమ్, 2017లో ఇంకో ఈపీ. మొదటి ఆల్బమ్ మాత్రం 2019 మార్చికి గానీ రాలేదు. రాగానే బ్రిటన్ చార్టులో ఒకటో స్థానం, అదే ఏడాది అక్కడ ఉత్తమ ఆల్బమ్‌కి ఇచ్చే మెర్క్యురీ ప్రైజ్, 2020లో బ్రిట్ అవార్డుల్లో ఉత్తమ ఆల్బమ్. అప్పటికి అతని వయసు ఇరవై ఒకటి. ఇంత చిన్న వయసులో అని అందరూ అంటారు గానీ, నాకు మాత్రం ఆ నాలుగేళ్ళే ముఖ్యం. పేరు వచ్చిన వెంటనే ఆల్బమ్ కట్టెయ్యలేదు. మీరూ ముందు నాలుగైదు పాటలతో ఒక ఈపీ చెయ్యండి, అందులో ఏం తేలిపోయిందో చూసుకోండి, ఆ తర్వాతే ఆల్బమ్.

ఇక అసలు సంగతి. సైకోడ్రామా అంటే మనసులో ఉన్నదాన్ని నటించి బయటపెట్టించే ఒక చికిత్స పద్ధతి. డేవ్ వాళ్ళ అన్న జైల్లో ఉన్నాడు, అక్కడ ఆ చికిత్స తీసుకున్నది ఆ అన్నే, ఆల్బమ్ పేరు అక్కణ్ణుంచి వచ్చింది. మొదటి పాట మొదలవుతూనే ఒక థెరపిస్టు, అంటే మనసు బాధలకి చికిత్స చేసేవాడి, గొంతు వినిపిస్తుంది, తేదీ చెప్పి ఇది మన మొదటి సెషన్ అంటాడు. పదకొండు పాటలూ ఆ థెరపిస్టు ఎదురుగా కుర్చీలో కూర్చున్న కుర్రాడు చెప్పుకునేవే. చివరి పాటలో జైలు నుంచి ఫోన్‌లో అన్న గొంతే వినిపిస్తుంది. అంటే పదకొండు పాటలు వరసగా పేర్చినట్టు ఉండదు, ఒకే మాటామంతీ పదకొండు ముక్కలుగా సాగినట్టు ఉంటుంది.

కాబట్టి మీరు చెయ్యాల్సిన మొదటి పని బీటు వెతకడం కాదు, ఈ ఆల్బమ్ ఎవరితో మాట్లాడుతోందో తేల్చుకోవడం. మన దగ్గర థెరపిస్టు కుర్చీ పెడితే అతకదు, అది వాళ్ళది. మనకి ఏముంది? ఈ డెల్టాలో ఎన్ని ఇళ్ళల్లో అమ్మ కువైట్‌లోనో మస్కట్‌లోనో ఉండి పిల్లలు అమ్మమ్మ దగ్గర పెరిగారో మీకు తెలుసు. రాత్రిపూట వచ్చే వాయిస్ మెసేజ్‌లు, తిన్నావా నాన్నా అన్న ప్రశ్న, తిన్నాను అని మనం చెప్పే అబద్ధం. ఆ మెసేజ్‌తో మొదటి పాట మొదలుపెట్టి, అమ్మకి ఎప్పుడూ చెప్పనివన్నీ మిగతా పాటల్లో చెప్పుకుంటూ పోవచ్చు. లేదా నాన్నతో రొయ్యల చెరువు గట్టు మీద ఒక రాత్రి, సాయంత్రం ఆరు నుంచి తెల్లారి మేత వేసేదాకా. లేదా 1996 నవంబరు తుఫాను గురించి తాతగారు చెప్పగా రికార్డు చేసుకున్న మాటలు, పాటకీ పాటకీ మధ్య రెండేసి ముక్కలు. ఏదైనా ఒక్కటే పట్టుకోండి. అది దొరికేదాకా మిగతా పనులు మొదలుపెట్టొద్దు, నెలలు పట్టినా సరే.

అది దొరికాక కోత మొదలవుతుంది, ఇది కష్టం. 2018 అక్టోబరులో ఫ్రెడో అనే ఇంకో ర్యాపర్‌తో కలిసి డేవ్ చేసిన ఒక పాట బ్రిటన్‌లో నంబర్ వన్ అయింది. అయిదు నెలల తర్వాత వచ్చిన ఆల్బమ్‌లో ఆ పాట లేదు! ఎంత ధైర్యం ఉండాలో ఆలోచించండి. మీ రీల్‌కి లక్ష వ్యూస్ వచ్చి ఉండొచ్చు, అది ఈ సంభాషణలో ఇమడకపోతే బయట విడిగా ఉండనివ్వండి.

మాటల దగ్గరకి వద్దాం, నాకు ఎక్కువ పట్టింపు ఇక్కడే. ఇంగ్లీషులో మాటలు ఎక్కువగా హల్లుతో ముగుస్తాయి, చివర ప్రాస కుదర్చడానికి వాళ్ళు కష్టపడాలి. మన మాటలు అచ్చుతో ముగుస్తాయి, వచ్చాను పోయాను చూశాను అంటూ ఎంతసేపైనా లాగొచ్చు. తేలిగ్గా వస్తుంది కాబట్టే చప్పగా ఉంటుంది. దానికి మందు మన పద్యంలోనే ఉంది, రెండో అక్షరం ప్రాస. ఇలా:

చెరువు గట్టున చక్రం తిరిగితే నాన్న కునుకు తీత్తాడు
కరెంటు పోతే కునుకు మాని జనరేటరు లాగుతాడు

చెరువు, కరెంటు, రెండింట్లోనూ రెండో చోట రకారం పడింది. చివర ప్రాస బలహీనంగా ఉన్నా చెవి ఆ మొదటి దెబ్బని పట్టుకుంటుంది. ఇంకోటి, తీత్తాడు అని మనం అన్నట్టే అనండి, తీస్తాడు అని దిద్దుకోవద్దు. డేవ్ రెండో పాటకి తన పేట పేరే పెట్టుకున్నాడు, యాస దాచుకోలేదు. ఎక్కడో వినేవాడికి ఒకటి రెండు మాటలు తెలియకపోతే వాడే అడిగి తెలుసుకుంటాడు.

లెక్క కూడా చూసుకోండి. నాలుగు దెబ్బలు ఒక బారు. నిమిషానికి 90 దెబ్బల వేగంలో పదహారు బార్లు సుమారు 43 సెకన్లు, గ్రైమ్ అనే లండన్ వేగపు ర్యాప్ లాగా 140లో అయితే 27 సెకన్లే. దెబ్బకి నాలుగు మాత్రలుండే చతురస్ర గతిలో ఒక బారుకి పదహారు మాత్రలు, లఘువుకి ఒకటి, గురువుకి రెండు. ఒత్తక్షరం ముందున్నది గురువవుతుంది కాబట్టి ఒత్తులు ఎక్కువైతే 140లో నాలుక తిరగదు. ముందు 90లో తొడ మీద తాళం వేసుకుంటూ చెప్పి చూడండి, ఊపిరి ఎక్కడ తీసుకోవాలో కాగితం మీద గీత పెట్టుకోండి.

బీటుకి కావాల్సిన చప్పుళ్ళు మన చుట్టూ ఉన్నాయి. చెరువు నీళ్ళలోకి గాలి పట్టించే ఏరియేటరు చక్రం తిరిగే చప్పుడు, జాతరలో గరగల ముందు మోగే డప్పులు, కొబ్బరికాయ ఒలిచేటప్పుడు వచ్చే ఆ చీలిక శబ్దం, రేవు దాటించే పంటు మీద ఇంజను. ఫోన్‌లో రికార్డు చేసి బ్యాండ్‌ల్యాబ్ లాంటి ఉచిత యాప్‌లో ముక్కలు చేసుకోండి. యూట్యూబ్‌లో ఫ్రీ అని పెట్టిన బీట్లు చాలావరకు డబ్బులు రానంతవరకే ఫ్రీ, స్ట్రీమింగ్‌లో పెట్టాలంటే లైసెన్స్ కొనాలి, ముందే చదువుకోండి.

రికార్డింగ్‌కి స్లాబు గది వద్దు, ప్రతిధ్వని వస్తుంది. తప్పకపోతే గోడలకి దుప్పట్లు కట్టి, పరుపు నిలబెట్టి, ఫ్యాను ఆపి, రాత్రి పదకొండు దాటాక చెయ్యండి. మైకు నోటికి జానెడు దూరంలో, మధ్యలో పల్చటి గుడ్డ, లేకపోతే ప, భ అన్నప్పుడల్లా గాలి కొడుతుంది. వానాకాలంలో కప్పల గోల ఆగదు, ఆ టేకులు పారెయ్యకండి, పాటల మధ్య పనికొస్తాయి.

సైకోడ్రామాలో పదకొండు నిమిషాల పాట ఒకటుంది, రైల్లో ఎదురయ్యే ఒక ఆవిడ గురించి, ఇంట్లో ఆవిడ పడే హింస గురించి. అందులో డేవ్ పక్కకి తప్పుకుని ఆవిడ కథ చెప్తాడు. మీ ఆల్బమ్‌లో అలాంటిది ఒకటైనా ఉండాలి. తెల్లారకుండానే కంపెనీ బస్సెక్కి రొయ్యల ప్లాంటుకి వెళ్ళే ఆడవాళ్ళు ఉన్నారు, నరసాపురం రైల్లో రోజూ కనిపించే మొహాలు ఉన్నాయి. కూర్చుని వినండి. పేరూ ఊరూ మార్చండి, రాసింది వాళ్ళకి చదివి వినిపించండి, వద్దంటే తీసెయ్యండి.

అమ్మ గొంతు వాడుకున్నా అంతే. విడుదల తేదీ ఎవరికీ చెప్పకముందే మొత్తం ఫైలు ఆవిడకి పంపండి. గురువారం రాత్రి పంపితే, గల్ఫ్‌లో శుక్రవారం సెలవు దొరికినవాళ్ళు తీరిగ్గా వింటారు. ఆవిడ దగ్గర్నుంచి తిరుగు మెసేజ్ వచ్చేదాకా అప్‌లోడ్ బటన్ ముట్టుకోవద్దు.