వేట కాలానికి ముందు రీలోడింగ్ డైల ఎంపికలో జాగ్రత్తలు

అమెరికాలోని అనేక రాష్ట్రాల్లో రైఫిల్‌తో జింకలను వేటాడే కాలం శరదృతువులో, ఎక్కువగా నవంబరు ప్రాంతంలో వస్తుంది. పేలిన తూటాల ఇత్తడి కేసులను మళ్లీ సొంతంగా నింపుకొనే (రీలోడింగ్) అలవాటు ఉన్నవారు వేసవి చివరి నుంచే గ్యారేజీలోని ప్రెస్సు దుమ్ము దులిపి, దానిలో బిగించే డైల కోసం, అంటే కేసును నొక్కి కొలతకు తెచ్చి బుల్లెట్టును కూర్చోబెట్టే అచ్చుల కోసం, వెతకడం మొదలుపెడతారు. తొందరలో కొన్న డైలో లోపం ఉంటే అది పనిబల్ల మీద తెలియకపోవచ్చు. .308 విన్‌చెస్టర్ తూటాకు అనుమతించిన గరిష్ఠ పీడనం చదరపు అంగుళానికి 62,000 పౌండ్లు. అంత పీడనం చెంపకు కొద్ది అంగుళాల దూరంలో పుట్టినప్పుడు ఆ లోపం బయటపడుతుంది. అందువల్ల ఏ కంపెనీ డై మంచిదన్న ప్రశ్నను కాసేపు పక్కనబెట్టి, ఈ తూటా ఏ తుపాకీ ఛాంబరులోకి (గొట్టం వెనుక తూటా కూర్చొనే చోటులోకి) వెళ్లబోతోంది, దాని ఇత్తడి కేసు ఇంతకు ముందు ఎక్కడ పేలింది, అందులో ఏ బుల్లెట్టు కూర్చోబెడుతున్నాము అన్న మూడు విషయాలను ముందుగా తేల్చుకోవాలి.

అంతకంటే ముందు చట్టం సంగతి చూడాలి. భారతదేశంలో 1959 నాటి ఆయుధాల చట్టం కింద తూటాల తయారీకి విడిగా లైసెన్సు ఉండాలి. తుపాకీ ఉంచుకొనేందుకు ఇచ్చిన లైసెన్సు అందుకు సరిపోదు. కనుక ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోని పాఠకులు దీనిని తెలుసుకోవడానికే చదవాలి తప్ప ఆచరణకు పూనుకోకూడదు. అమెరికాలో సొంత వాడకానికి తూటాలు నింపుకోవడానికి ఫెడరల్ లైసెన్సు అక్కర లేదు, అమ్మకానికైతే కావాలి. అయితే హెచ్-1బి, ఎఫ్-1 వంటి వలసేతర వీసాలపై ఉన్న మనవారు ఒక విషయం గమనించాలి. అటువంటివారు తుపాకులు గానీ తూటాలు గానీ కలిగి ఉండటాన్ని ఫెడరల్ చట్టం, చెల్లుబాటయ్యే వేట లైసెన్సు వంటి కొన్ని మినహాయింపులతో, నిషేధిస్తుంది. పైగా ఆ చట్టం కేసు, ప్రైమరు (దెబ్బ తగలగానే మందును అంటించే చిన్న భాగం), బుల్లెట్టు, మందు అన్నింటినీ విడివిడిగా కూడా తూటా కిందే లెక్కిస్తుంది. స్నేహితుడి ప్రెస్సు మీద సరదాగా నాలుగు తూటాలు చేసి ఇంటికి తెచ్చుకోవడం కూడా చిక్కు తెచ్చిపెట్టగలదు. ఈ విషయంలో న్యాయవాదిని అడగటానికి మొహమాటపడనక్కర లేదు.

డై కొనేటప్పుడు మొదట సరిచూడవలసింది పెట్టె మీది పూర్తి పేరు. సంఖ్య ఒకటే అయినంత మాత్రాన తూటా ఒకటే కాదు. .308 విన్‌చెస్టర్, .30-06, .30-30 మూడూ ముప్ఫై కాలిబరువే (గొట్టం వ్యాసం దాదాపు 0.30 అంగుళం) అయినా మూడింటి కేసులూ వేరు, డైలూ వేరు. ఈ రోజుల్లో అన్నింటికంటే భయపడవలసిన జంట .223 రెమింగ్టన్, .300 బ్లాకౌట్. .300 బ్లాకౌట్ కేసు .223 కేసు నుంచే పుట్టింది. రెండూ ఒకే మ్యాగజీనులో (తుపాకీకి తూటాలు అందించే డబ్బాలో) పడతాయి. కొన్ని బుల్లెట్లతో నింపిన .300 బ్లాకౌట్ తూటా .223 ఛాంబరులోకి కూడా దూరిపోతుంది. అప్పుడు ట్రిగ్గరు నొక్కితే .30 బుల్లెట్టు .22 గొట్టంలోకి పోలేక తుపాకీ పగిలిపోతుంది. ఈ రెండింటి డైలూ ఉన్నవారు వాటిని వేర్వేరు అరల్లో ఉంచాలి, ఒకే రోజున రెండూ నింపకూడదు, తయారైన తూటాల పెట్టెలకు వేర్వేరు రంగుల చీటీలు అతికించాలి.

పిస్తోలు, రివాల్వరు తూటాల కేసులు చాలావరకు తిన్నగా ఉంటాయి కాబట్టి వాటికి మూడు డైల సెట్టు వస్తుంది: ఒకటి పేలిన కేసును మళ్లీ కొలతకు నొక్కి పాత ప్రైమరును తోసేస్తుంది, రెండోది మూతిని కొద్దిగా విప్పుతుంది, మూడోది బుల్లెట్టును కూర్చోబెట్టి మూతిని బిగిస్తుంది. మొదటి డైలో టంగ్‌స్టన్ కార్బైడ్ రింగు ఉన్నది తీసుకోవడం మంచిది. దానికి కేసుకు నూనె పూయవలసిన పని ఉండదు, ఆ కాస్త ఎక్కువ ధర కొద్ది కాలంలోనే శ్రమ రూపంలో తిరిగివస్తుంది. రెండో డైని మాత్రం చులకనగా చూడకూడదు. మూతి చాలినంత విప్పకపోతే సీసపు బుల్లెట్టు పక్కలు గీరుకుపోతాయి. అతిగా విప్పితే కొన్నిసార్లు వాడేసరికే ఇత్తడి అంచు చీలిపోతుంది. సొంతంగా పోతపోసిన సీసపు బుల్లెట్లు వాడేవారికి, రాగి తొడుగు బుల్లెట్ల కోసం చేసిన సన్నని ఎక్స్‌పాండరు (మూతిని విప్పే కడ్డీ) సరిపోకపోవచ్చు.

మూతిని ఏ విధంగా బిగించాలన్నది, తూటా ఛాంబరులో ఇంకా ముందుకు జారకుండా దానిని ఏ భాగం ఆపుతుందన్న దానిపై ఆధారపడి ఉంటుంది. దీనినే హెడ్‌స్పేస్ అంటారు. 9 ఎంఎం లూగర్, .45 ఏసీపీ తూటాలు కేసు మూతి ఆనుకొని ఆగుతాయి. వాటి మూతిని లోపలికి ముడిచేస్తే ఆగవలసిన అంచే లేకుండా పోతుంది, అందుకే వాటికి ఏటవాలుగా బిగించే టేపర్ క్రింప్ డై మాత్రమే వాడాలి. .38 స్పెషల్, .357 మ్యాగ్నమ్ వంటి రివాల్వరు తూటాలు అడుగునున్న అంచు మీద ఆగుతాయి కాబట్టి వాటికి మూతిని బుల్లెట్టు గాడిలోకి ముడిచే రోల్ క్రింప్ తగినది. అది బలంగా లేకపోతే వెనుదన్నుకు మిగిలిన తూటాల్లోని బుల్లెట్లు ముందుకు జరిగి సిలిండరు తిరగకుండా పట్టేస్తుంది. .38, .357 రెండింటికీ ఒకే సెట్టు పనికొస్తుందని పెట్టె మీద రాసి ఉంటుంది, అది నిజమే, కానీ.38 కేసు 1.155 అంగుళాలు, .357 కేసు 1.290 అంగుళాలు కావడంతో ఒకదాని నుంచి ఇంకొకదానికి మారిన ప్రతిసారీ రెండో, మూడో డైలను మళ్లీ సరిచేయక తప్పదు. రెండింటినీ తరచుగా నింపేవారు రెండు సెట్లు కొనుక్కోవడమే నయం.

సెమీ ఆటోమేటిక్ పిస్తోలు విషయంలో ఇంకో ప్రమాదం ఉంది. కేసు బుల్లెట్టును గట్టిగా పట్టి ఉంచకపోతే, తూటా మ్యాగజీను నుంచి ఛాంబరులోకి దూసుకుపోయేటప్పుడు తగిలే దెబ్బకు బుల్లెట్టు లోపలికి దిగిపోతుంది. లోపలి జాగా తగ్గితే పీడనం ఒక్కసారిగా పెరుగుతుంది. 9 ఎంఎం వంటి చిన్న కేసులో ఇది మరీ తీవ్రం. ఆ పట్టు కేసును నొక్కే సైజింగు డై, ఎక్స్‌పాండరుల కొలతల నుంచి రావాలి. క్రింపును ఎంత బిగించినా ఆ లోటు తీరదు, పైగా అతిగా బిగిస్తే పట్టు ఇంకా సడలుతుంది.

రైఫిలు తూటాల్లో ఎక్కువవాటికి సీసా మెడ ఆకారం ఉంటుంది. వాటి సెట్టులో రెండే డైలు ఉంటాయి, కానీ ఎంపిక మాత్రం పిస్తోలు కంటే కష్టం. కేసు మొత్తాన్ని నొక్కే ఫుల్ లెంగ్త్ డై, మెడను మాత్రమే నొక్కే నెక్ డై, అడుగు భాగాన్ని మరింత సన్నగా నొక్కే స్మాల్ బేస్ డై అని ప్రధానంగా మూడు రకాలు. నెక్ డైతో కేసుకు ఆయుర్దాయం పెరుగుతుందని ఒక నమ్మకం ఉంది. ఒకే బోల్ట్ యాక్షన్ (ప్రతి తూటాకూ బోల్టును చేత్తో లాగి మూసే) రైఫిల్లో పేలిన కేసును అదే రైఫిల్లో వాడుకొనేవారికి, లక్ష్యసాధన మైదానంలో, అది కొంతవరకు సరైన మాటే. వేటకు మాత్రం నేను ఫుల్ లెంగ్త్ డైనే సూచిస్తాను. చలిలో, మట్టి చేతులతో, జింక కదలబోతున్న క్షణంలో బోల్టు మూసుకోకపోతే కేసుకు పెరిగిన ఆయుర్దాయం ఎందుకూ కొరగాదు. సెమీ ఆటోమేటిక్ రైఫిల్‌కైతే ఫుల్ లెంగ్త్ సైజింగు తప్పనిసరి. స్మాల్ బేస్ డైని, మామూలు డైతో చేసిన తూటా ఛాంబరులో పట్టేస్తున్నప్పుడు మాత్రమే ఆశ్రయించాలి. అవసరం లేని చోట అది ఇత్తడిని అనవసరంగా అలసిపోయేలా చేస్తుంది.

అయితే ఫుల్ లెంగ్త్ డైని, కేసు అడుగును పట్టి ఉంచే షెల్ హోల్డరుకు గట్టిగా తగిలేదాకా దించి బిగించమని వచ్చే సూచనను గుడ్డిగా పాటించకూడదు. అలా చేస్తే కొన్ని ఛాంబర్లలో కేసు భుజం (మెడ కింది ఏటవాలు భాగం) అవసరానికి మించి వెనక్కి పోతుంది. పేలినప్పుడల్లా కేసు ముందుకు సాగి, అడుగుకు కాస్త పైన పలచబడి, చివరికి అక్కడ రెండుగా తెగిపోతుంది. వేడి వాయువు వెనక్కి చిమ్మితే కంటికే ముప్పు. పేలిన కేసును భుజం కొలిచే గేజితో చూసి, బోల్ట్ యాక్షన్‌కు అంగుళంలో ఒకటి నుంచి రెండు వెయ్యో వంతుల వరకు, సెమీ ఆటోమేటిక్‌కు మూడు నుంచి ఐదు వెయ్యో వంతుల వరకు భుజం వెనక్కి వచ్చేలా డైని అమర్చుకోవడం చాలామంది పాటించే పద్ధతి. కేసు అడుగు దగ్గర మెరిసే గీత కనిపిస్తే ఆ కేసును వెంటనే పారేయాలి. మన పోలీసుల చేతుల్లో చూసిన త్రీ నాట్ త్రీ ఈ జబ్బుకు పేరుపడ్డది: దాని తూటా అడుగు అంచు మీద ఆగుతుంది, దానిని పేల్చే లీ-ఎన్‌ఫీల్డ్ రైఫిళ్ల ఛాంబర్లు బురదలోనూ పనిచేయాలని విశాలంగా తొలిచినవి కావడంతో కేసులు త్వరగా సాగిపోతాయి. ఆ పాత రైఫిళ్లను ఇష్టపడి సేకరించేవారికి మాత్రం నెక్ డై నిజంగానే పనికొస్తుంది.

సీసా మెడ కేసుకు డైలో కార్బైడ్ ఉన్నా సరే కందెన పూయాలి. పూయకపోతే కేసు డైలో ఇరుక్కుంటుంది, దానిని తీయడానికి వేరే పరికరాలు కావాలి. అతిగా పూస్తే భుజం మీద సొట్టలు పడతాయి. నింపే ముందు దానిని పూర్తిగా తుడిచేయాలి.

బుల్లెట్టును కూర్చోబెట్టే సీటింగ్ డైలోని కడ్డీ బుల్లెట్టు మొనకు కాక దాని పక్క వంపుకు ఆనాలి. పొడవైన, సన్నని మొన గల బుల్లెట్లకు వేరే కడ్డీ కావలసి రావచ్చు. .30-30 లీవరు రైఫిల్‌లో తూటాలు గొట్టపు మ్యాగజీనులో ఒకదాని వెనుక ఒకటి ఉంటాయి కాబట్టి దానికి గట్టి క్రింపు, మొన చదునుగా ఉన్న బుల్లెట్టు రెండూ కావాలి. సూదిమొన ముందున్న తూటా ప్రైమరుకు గుచ్చుకొని ఆ మ్యాగజీనులోనే పేలవచ్చు. క్రింపు సమానంగా పడాలంటే కేసులన్నీ ఒకే పొడవుకు కత్తిరించి ఉండాలి.

మామూలు డైలకు 7/8-14 మర (7/8 అంగుళం వ్యాసం, అంగుళానికి 14 చుట్లు) ఉంటుంది కనుక ఆర్‌సీబీఎస్, లీ, రెడింగ్, హార్నడీ డైలు చాలా ప్రెస్సుల్లో ఇమిడిపోతాయి. షెల్ హోల్డర్ల నంబర్లు మాత్రం కంపెనీకొక తీరుగా ఉంటాయి. ఒకరి పట్టిక చూసి ఇంకొకరి హోల్డరు కొనకూడదు. పాత డైలు చవకగా దొరికితే తీసుకోవడంలో తప్పు లేదు, కానీ లోపలి గోడను దీపం పెట్టి చూడాలి. తుప్పు, గీతలు ఉంటే వదిలేయాలి. ఎక్కడెక్కడో ఏరిన కేసుల్లో బెర్డన్ రకం కలిసి ఉండవచ్చు. వాటి అడుగున ఒకటికి బదులు రెండు చిన్న రంధ్రాలు ఉండటంతో డైలోని ప్రైమరు పిన్ను విరిగిపోతుంది.

ఎంత మంచి డై అయినా మందు కొలతలోని తప్పును సరిచేయదు. ప్రోగ్రెసివ్ ప్రెస్సు (పిడి లాగిన ప్రతిసారీ అన్ని దశలూ కలిసి జరిగేది) వాడేవారు మందు మట్టం చూపే పౌడర్ చెక్ డైకి ఒక స్థానం కేటాయించడం వివేకం, ఎందుకంటే రెండుసార్లు పడిన మందూ అసలు పడని మందూ (అప్పుడు బుల్లెట్టు గొట్టంలోనే ఇరుక్కుంటే దాని వెనుక తర్వాతి తూటా పేలుతుంది) రెండూ తుపాకీని పగలగొట్టగలవు. మందు పరిమాణాలను అచ్చైన తాజా మాన్యువల్ నుంచే తీసుకోవాలి. పని చేస్తున్నంతసేపూ కళ్లద్దాలు పెట్టుకోవాలి, ప్రైమర్ల అవశేషాల్లో సీసం ఉంటుంది కనుక పిల్లలను దూరంగా ఉంచి, తినబోయే ముందు చేతులు సబ్బుతో కడుక్కోవాలి.

డైలు అమర్చాక మొదట ప్రైమరు, మందు లేని ఉత్తుత్తి తూటాను ఒకదానిని చేసి, తూటా కొలత చూసే కేస్ గేజిలోనూ తర్వాత గొట్టం సురక్షితమైన దిశకు పెట్టి అదే తుపాకీ ఛాంబరులోనూ చూడాలి. అది సాఫీగా వెళ్లి సాఫీగా బయటకు వస్తే, డై కదలకుండా పట్టే లాక్ రింగును బిగించి, ఏ రైఫిల్‌కు, ఏ బుల్లెట్టుకు ఆ అమరిక చేశారో చీటీ మీద రాసి డై పెట్టెలో ఉంచాలి. ఉత్తుత్తి తూటాకు పక్కన రంధ్రం చేసి దానినీ అక్కడే పెట్టుకుంటే వచ్చే ఏడాది సీటింగ్ లోతును దానితోనే సరిచూసుకోవచ్చు.