‘కేర్‌ఫుల్’ వాక్యం అడ్డం తిరిగినప్పుడు: సమస్య - పరిష్కారం

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, బరంపురం వైపు తెలుగువారు అర్జీల్లోనూ, దుకాణాల బోర్డుల మీదా రాసే ఇంగ్లీషును దిద్దుతున్నప్పుడు ‘కేర్‌ఫుల్’ దగ్గర ఎప్పుడూ అవే తప్పులు కనిపిస్తున్నాయి. ఈ మాటకు అర్థం అందరికీ తెలుసు కనుక దాన్ని వివరించబోవడం లేదు. వాక్యం చెడిందనగానే చాలామంది నిఘంటువు తెరుస్తారు, లేదా మొత్తం కొట్టివేసి మళ్ళీ రాస్తారు. తప్పు సాధారణంగా ఆ మాటలో ఉండదు, దాని వెంటనే వచ్చే చిన్న మాటలో ఉంటుంది. దయచేసి ముందు అక్కడ చూడండి.

సమస్య: ‘కేర్‌ఫుల్’ తరువాత ఒక వస్తువు పేరో మనిషి పేరో వచ్చింది, కాని వాక్యం అతకలేదు.

కారణం, పరిష్కారం: కుక్కతో జాగ్రత్త, గాజుగ్లాసుతో జాగ్రత్త, తిండితో జాగ్రత్త అని మనకు ‘తో’ ఒక్కటే సరిపోతుంది. ఇంగ్లీషులో మీద పడే ప్రమాదానికి ‘ఆఫ్’, చేతిలో ఉన్న వస్తువుకు ‘విత్’, ఆలోచించి చేయవలసిన విషయానికి ‘అబౌట్’ వాడటం వాడుక. ఒడియా బడిలో చదివినవారు ‘ఠారు సాబధాన’ (నుంచి జాగ్రత్త) అనే అలవాటుతో ‘బివేర్ ఫ్రమ్ డాగ్’ అని రాస్తారు. అక్కడ కూడా ‘ఆఫ్’ ఉండాలి.

సమస్య: హెచ్చరిక రాశారు, కాని అర్థం తలకిందులైంది.

అసలు ఇబ్బంది ఇదే. కరెంటు మోటారు పక్కన ‘బి కేర్‌ఫుల్ టు టచ్ ద వైర్’ అని రాసి పెడతారు. తీగ ముట్టుకోవద్దని రాసినవారి ఉద్దేశం. ఇంగ్లీషు తెలిసినవారు చదివితే మాత్రం, తీగను ముట్టుకోవడం మరచిపోవద్దని చెప్పినట్టు ఉంటుంది. స్పెల్లింగులో దోషం లేదు, వ్యాకరణంలో దోషం లేదు, ఫోనులో టైపు చేసినా ఎర్రగీత పడదు. అందుకే ఈ తప్పు దిద్దేవారి కంటిని కూడా దాటిపోతుంది.

దీని మూలం మన మాటతీరులో ఉంది. ‘పడతావు, జాగ్రత్త’, ‘షాకు కొడుతుంది, జాగ్రత్త’ అంటూ మనం జరగకూడనిదాన్నే జరుగుతుందన్నట్టు చెప్పి హెచ్చరిస్తాం. ఒడియాలో ‘సాబధాన’ కూడా అలాగే పలుకుతుంది. పర్లాకిమిడి 1936లో ఒడిశాలో చేరింది కనుక ఇక్కడి తెలుగు పిల్లలు చాలామంది ఇంట్లో ఒక భాష, బడిలో ఇంకొక భాషతో పెరుగుతారు. ఆ రెండింటిలో దేని నుంచి ఇంగ్లీషులోకి వెళ్ళినా, ‘వద్దు’ అనే భావం విడిగా రాయాలన్న ఆలోచన వారికి రాదు. ఇంగ్లీషులో ‘కేర్‌ఫుల్ టు’ తరువాత వచ్చేది చేయవలసిన పని. ‘బి కేర్‌ఫుల్ టు లాక్ ద డోర్’ సరైన వాక్యమే, ఎందుకంటే తాళం వేయడం మనకు కావలసిన పని.

పరీక్ష సులువు. ‘కేర్‌ఫుల్ టు’ ఉన్నచోట ‘తప్పక’ అని పెట్టి వాక్యాన్ని తెలుగులో పైకి చదవండి. ‘తలుపుకు తప్పక తాళం వేయండి’ నిలుస్తుంది. ‘తీగను తప్పక ముట్టుకోండి’ నిలవదు. నిలవనిచోట ‘టు’కు ముందు ‘నాట్’ చేర్చి, ‘బి కేర్‌ఫుల్ నాట్ టు టచ్ ద వైర్’ అని రాయండి. కొందరు తప్పు గుర్తించి కూడా వాక్యం మొదట్లో ‘డోంట్’ పెడతారు. అప్పుడు జాగ్రత్తగా ఉండనే వద్దని చెప్పినట్టవుతుంది. ‘పడకుండా’ అన్నదాన్ని ‘వితౌట్ ఫాలింగ్’గా మార్చి ‘కేర్‌ఫుల్’ పక్కన పెట్టినా పని జరగదు, ‘నాట్ టు ఫాల్’ అనే రాయాలి. ప్రాణాపాయం ఉన్నచోట ఈ మెలిక ఏదీ లేకుండా ‘డోంట్ టచ్’ అని రెండే మాటలు రాయడం మేలు.

సమస్య: ‘డ్రైవ్ కేర్‌ఫుల్’ అని రాశారు.

పని తీరును చెబుతున్నారు కనుక ‘కేర్‌ఫుల్లీ’ కావాలి. అందులో ‘ఎల్’ రెండుసార్లు, ‘కేర్‌ఫుల్’లో ఒక్కసారే.

మిగిలినవి అరుదు. సాగనంపేటప్పుడు మనం అనే ‘జాగ్రత్త’కు ‘టేక్ కేర్’ సరిపోతుంది. ‘నగలు జాగ్రత్త చెయ్యి’ అన్నప్పుడు ‘కీప్ దెమ్ సేఫ్’ అనండి. డబ్బు విషయంలో ఒకరిని ‘కేర్‌ఫుల్’ అంటే పొదుపరి అని కూడా అర్థం వస్తుంది. పాత ఇంగ్లీషులో ఈ మాటకు దుఃఖంతో నిండిన అనే అర్థం ఉండేది. ఇప్పుడు ఎవరూ అలా వాడరు కనుక దాని గురించి ఆలోచించనక్కరలేదు.