లారీ డిస్పాచర్‌గా పని మొదలుపెట్టడం ఎలా? చిత్తూరు, తిరుపతి యువతకు

చిత్తూరు నుంచి బండిని లోడుతో పంపడం పెద్ద పని కాదు. మామిడి సీజన్‌లో అయితే తోతాపురి గుజ్జు డ్రమ్ములు ఎత్తడానికి బండ్లే దొరకవు. వెళ్లిన బండి ఖాళీగా తిరిగి రాకుండా చూడడమే, లారీలకు లోడ్లు కుదిర్చి పంపే డిస్పాచర్ అసలు పని. డీజిల్, టోలు రానూపోనూ ఖర్చే. కిరాయి ఒక వైపే వస్తే ఓనరుకు మిగిలేది చాలా తక్కువ. ఈ ఒక్క మాట గుర్తు పెట్టుకుని పని నేర్చుకోండి.

మొదట ఒక ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో చేరండి

డిగ్రీ ఉంటే మంచిదే, లేకపోయినా పని ఆగదు. ఫోన్లో మర్యాదగా మాట్లాడడం, కంప్యూటర్‌లో వివరాలు తప్పు లేకుండా కొట్టడం వస్తే చాలు. మన జిల్లావాళ్లకు పుట్టుకతో వచ్చిన లాభం ఒకటుంది. అటు తమిళం, ఇటు కన్నడం చెవిన పడుతూ పెరిగాం. దానికి కాస్త హిందీ కలిస్తే ఉత్తరాది డ్రైవర్లతోనూ మాట్లాడొచ్చు. జీతం తక్కువైనా కనీసం ఒక మామిడి సీజన్ పూర్తిగా అక్కడే ఉండండి.

బండిని, బరువును చదవడం నేర్చుకోండి

పది చక్రాల లారీకి సరుకుతో కలిపి మొత్తం బరువు పరిమితి 2018కి ముందు 25 టన్నులు. ఆ ఏడాది దాన్ని 28.5 టన్నులకు పెంచారు. అయినా మీ ముందున్న బండికి ఆర్‌సీలో ఎంత రాసి ఉందో అదే లెక్క.

ఒక లోడు వేసి చూద్దాం. ఒక్కో డ్రమ్ములో 215 కిలోల గుజ్జు, మొత్తం 80 డ్రమ్ములు. గుజ్జే 17.2 టన్నులు. ఖాళీ డ్రమ్ము 20 కిలోలు అనుకుంటే ఇంకో 1.6 టన్నులు. ఖాళీ బండి కాటాలో తొమ్మిదిన్నర టన్నులు తూగితే అన్నీ కలిపి 28.3. అంటే మిగిలింది 200 కిలోలే. పార్టీ, అంటే సరుకు పంపేవాళ్లు, ఫోన్ చేసి 'ఇంకో నాలుగు డ్రమ్ములు ఎక్కించండి సార్' అంటే ఒప్పుకోకండి. ఓవర్‌లోడుకు జరిమానా 20,000 రూపాయలు. దాని మీద అదనపు టన్నుకు 2,000 చొప్పున పడుతుంది. ఎక్కువైన సరుకు దించే వరకు బండి కదలదు.

కాగితాల్లో తొందర వద్దు

ఆర్‌సీ, ఫిట్‌నెస్, ఇన్సూరెన్స్, పర్మిట్ గడువులు ఎంపరివాహన్ యాప్‌లో చూసుకున్నాకే లోడింగ్‌కు పంపండి. సరుకు విలువ 50,000 రూపాయలు దాటితే ఈ-వే బిల్లు, అంటే సరుకు రవాణాకు ఆన్‌లైన్‌లో తీసే జీఎస్టీ పత్రం, కావాలి. తాజా టమాటాకు అక్కర్లేదు, గుజ్జుకు తప్పనిసరి. బిల్లు గడువు 200 కిలోమీటర్లకు ఒక రోజు. సోమవారం తీస్తే మొదటి రోజు మంగళవారం రాత్రి 12 గంటలతో ముగుస్తుంది. దారిలో ఆలస్యమైతే గడువుకు ముందు 8 గంటల్లో గానీ, తర్వాత 8 గంటల్లో గానీ పొడిగించుకోవచ్చు.

నేను పనిలో చేరిన కొత్తలో ఒక బండి ఇంజన్ దారిలో చెడిపోయింది. సరుకును వేరే లారీలోకి మార్పించాను గానీ, ఈ-వే బిల్లులో బండి వివరాలుండే పార్ట్-బిలో కొత్త బండి నంబరు ఎక్కించడం మరిచిపోయాను. తనిఖీలో బండిని ఆపేశారు. డ్రైవరన్న రెండు రాత్రులు రోడ్డు పక్కనే పడుకున్నాడు. తప్పు నాది, శిక్ష ఆయనకు. అప్పటి నుంచి బండి మారిందంటే ముందు పార్ట్-బి, ఆ తర్వాతే మిగతా ఫోన్లు.

డ్రైవరు నిద్రను లెక్కలో వేయండి

'అన్నా, ఎక్కడున్నావు?' అని గంటకోసారి అడిగితే ఆయన టెన్షన్ పెరుగుతుందే తప్ప సరుకు ముందుగా చేరదు. 2025 వరకు అమల్లో ఉన్న 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు పని 8 గంటలే అని, ఐదు గంటలయ్యాక కనీసం అరగంట విశ్రాంతి ఇవ్వాలని చెప్పేది. పలమనేరు దాటి మొగిలి ఘాట్ దిగే బండైనా, మదనపల్లె నుంచి భాకరాపేట ఘాట్ మీదుగా తిరుపతి వచ్చే బండైనా, డ్రైవరు 'నిద్ర వస్తోంది బ్రదర్' అంటే ఆపమనే చెప్పండి. పార్టీకి మీరే ఫోన్ చేసి ఆలస్యమవుతుందని చెప్పండి. ఆ తిట్లేవో మీరు పడండి.

రిటన్ లోడు

చెన్నై వెళ్లే బండి చిత్తూరులో లోడవుతుండగానే చెన్నైలో రిటన్ లోడు, అంటే తిరిగొచ్చేటప్పటి సరుకు, వెతకడం మొదలుపెట్టాలి. అన్‌లోడింగ్ అయ్యాక వెతికితే అవసరం మీదని అవతలి బ్రోకరుకు తెలిసిపోతుంది, కిరాయి తగ్గిస్తాడు. చెన్నై, బెంగళూరు లోపలికి పెద్ద బండ్లకు వేళల ఆంక్షలు ఉంటాయి కాబట్టి, బండి ఎప్పుడు ఖాళీ అవుతుందో లెక్క వేసుకునే మాట ఇవ్వండి. ఒక నోటుబుక్కు పెట్టుకుని ఏ ఊళ్లో ఏ నెలలో ఏ సరుకు దొరికింది, ఎవరు బ్యాలెన్సు (మిగతా కిరాయి) టైముకు ఇచ్చారు, ఎవరు హాల్టింగ్ (బండి ఆగినందుకు ఇవ్వాల్సిన డబ్బు) ఎగ్గొట్టారు అన్నీ రాయండి. ఏడాది తిరిగేసరికి ఆ పుస్తకం మీకు ఏ యాప్ కంటే ఎక్కువగా పనికొస్తుంది.

సొంత ఆఫీసు

కిరాయి, అడ్వాన్సు, హాల్టింగ్ లోడింగ్‌కు ముందే వాట్సాప్‌లో రాయించుకునే అలవాటు అయ్యాకే దీని గురించి ఆలోచించండి. మీ పేరుతో సరుకు తీసుకుని రసీదు ఇవ్వాలంటే 2007 నాటి రోడ్డు రవాణా చట్టం కింద కామన్ క్యారియర్‌గా రిజిస్టర్ కావాలి. జీఎస్టీ విషయం ఆడిటరుతో మాట్లాడండి. చేతిలో కొంత డబ్బు కూడా ఉండాలి, ఎందుకంటే డ్రైవరుకు డీజిల్ డబ్బులు ఈ రోజే ఇవ్వాలి. పార్టీ బ్యాలెన్సు మాత్రం సరుకు ముట్టినట్టు సంతకం చేసిన కాగితం అందాకే వస్తుంది.