ముందు కట్టె, తర్వాత పొయ్యి: ఇంగ్లండు పల్లెలకు వెళ్తున్న విశాఖవాసులకు

గత డిసెంబరులో ఒక ఆదివారం రాత్రి, ఇక్కడ ఎంవీపీ కాలనీలో ఫ్యాను కింద కూర్చుని ఉండగా, ఇంగ్లండు ఉత్తరాన కంబ్రియా ప్రాంతంలోని ఒక పల్లె నుంచి మా మేనల్లుడు వీడియో కాల్ చేశాడు. ఒంటి మీద రెండు స్వెట్టర్లు, తలకు మఫ్లరు. వెనుక కట్టెల పొయ్యి కనిపిస్తోంది, దాని అద్దం తలుపు అట్లపెనంలా నల్లబడి ఉంది. "మావయ్యా, ఈ పొయ్యి పాడైనట్టుంది, ఇంటి యజమానికి చెప్పి మార్పించమంటావా?" అని అడిగాడు. ఒక మొద్దును గొడ్డలితో చీల్చి, చీలిన ముఖాన్ని చెంపకు ఆనించి చూడమన్నాను, లోపల తడి ఉంటే చల్లగా తగులుతుంది. వాడు అలాగే చేసి, "చల్లగానే ఉంది, కానీ ఇక్కడ అన్నీ చల్లగానే ఉన్నాయి కదా" అన్నాడు. నాకు నవ్వు రాలేదు, కోపం వచ్చింది. వాడు బయలుదేరే ముందు గంటసేపు కూర్చోబెట్టి చెప్పినవాటిలో ఆవకాయ సీసాకు టేపు ఎలా చుట్టాలన్నది ఒక్కటే వాడికి గుర్తున్నట్టుంది.

అందుకే ఈసారి కాగితం మీద పెడుతున్నాను. బ్యాంకు ఖాతా, ఫోను సిమ్ము, డాక్టరు దగ్గర పేరు నమోదు వంటివి ఎవరైనా చెబుతారు కనుక వాటి జోలికి పోను. నగరాల్లో ఫ్లాట్లకు వెళ్లేవారికి కూడా ఇది అక్కరలేదు. ఆసుపత్రి ఉద్యోగాలకో, కర్మాగారాల పనికో వెళ్లి, గ్యాసు పైపులైను లేని పల్లెలో రాతి ఇల్లు అద్దెకు తీసుకుని, హాల్లో కట్టెల పొయ్యి చూసి "ఎంత బాగుందో" అని మురిసిపోయేవారి కోసమే ఇది రాస్తున్నాను.

నేను 2009లో అలాగే మురిసిపోయాను. అక్టోబరులో ఒక వ్యానువాడు వచ్చి, పూర్తిగా ఆరిన కట్టెలేనని మాట ఇచ్చి, షెడ్డు నిండా దింపి వెళ్లాడు. మన ఊళ్లో అడితిలో సరుగుడు కట్టెలు కొన్నట్టే బరువు, ధర చూసుకున్నాను తప్ప మరొకటి అడగాలని తోచలేదు. కట్టెలు అంటుకునేవి కావు, అంటుకున్నా బుసబుసమని నురగ కక్కేవి. గంటసేపు ఊదితే గంటసేపు పొగ వచ్చేది, గది మాత్రం వెచ్చబడేది కాదు. డిసెంబరులో అక్కడ సాయంత్రం నాలుగింటికే చీకటి పడుతుంది. ఆ చీకట్లో మా ఆవిడ దగ్గుతూ ఉంటే చలివల్ల అనుకున్నాను. ఫిబ్రవరిలో పొగగొట్టం శుభ్రం చేసేవాడు వచ్చి, బ్రష్షు పైకి పంపి, నల్లగాజు పెంకుల్లా మెరిసే తారు ముక్కలను ఒక బకెట్టు నిండా కిందికి రాల్చాడు. అది గొట్టంలో ఉండగానే దానికి నిప్పంటుకుంటే ఇల్లే పోయేదని వాడు చెప్పినప్పుడు, ఆ చలికాలమంతా నేను వేడికి కాక తారు తయారీకి డబ్బు పెట్టానని అర్థమైంది.

పొయ్యి ఏ కంపెనీదో, ఎన్ని కిలోవాట్లదో తర్వాత చూడవచ్చు. ముందు కట్టెలో ఎంత నీరుందో తెలుసుకోండి. అప్పుడే కొట్టిన చెట్టు బరువులో దాదాపు సగం నీరే ఉంటుంది. పొయ్యిలో వేయడానికి పనికొచ్చే కట్టెలో నూటికి 20 పాళ్లకు మించి నీరు ఉండకూడదు. 40 పాళ్ల నీరున్న కట్టెను పది కిలోలు పొయ్యిలో వేస్తే, నాలుగు లీటర్ల నీళ్లు నిప్పు మీద పోసినట్టే. ఒక లీటరు నీటిని ఆవిరి చేయడానికి సుమారు 0.7 యూనిట్ల కరెంటుకు సమానమైన వేడి ఖర్చవుతుంది, అయితే బాగా ఆరిన కిలో కట్టె సుమారు నాలుగు యూనిట్లు ఇస్తుంది కనుక, ఈ లెక్క చూసి "పోతే పోయింది, ఇంకో రెండు కట్టెలు ఎక్కువ వేద్దాం" అనుకునే తెలివైనవారు ఉంటారు. నేనూ అలాంటి తెలివైనవాడినే. అసలు నష్టం అక్కడ లేదు. కట్టెలోని వేడిలో సగానికి పైగా, అది వేడెక్కినప్పుడు బయటికి వచ్చే వాయువుల్లో ఉంటుంది. ఆ వాయువులు పూర్తిగా మండాలంటే పొయ్యి లోపల సుమారు 600 డిగ్రీల వేడి ఉండాలి. నీరు ఆవిరవుతూ పొయ్యిని చల్లారుస్తూనే ఉంటే ఆ వేడి ఎన్నటికీ రాదు. మండని వాయువులు పొగై పైకి పోతాయి, చల్లబడిన గొట్టం గోడల మీద తారుగా పేరుకుంటాయి. అద్దం మీద నలుపు, వీధిలో వాసన, పక్కింటివారి ముఖంలో చిరాకు, అన్నీ ఈ ఒక్కచోట నుంచే పుడతాయి.

మా నాన్నగారు మన ఉక్కు కర్మాగారంలో కోక్ ఓవెన్ల విభాగంలో పనిచేశారు. గాలి తగలకుండా బొగ్గును వేయి డిగ్రీలకు పైగా వేడిచేస్తే కోక్ మిగులుతుందనీ, వాయువూ తారూ బయటికి వస్తాయనీ, ఆ రెంటినీ పట్టుకునేందుకు అక్కడ పెద్ద యంత్రాంగమే ఉంటుందనీ చిన్నప్పుడు భోజనాల దగ్గర వినీ వినీ విసుగెత్తేది. తడి కట్టెను గాలి చాలకుండా మగ్గబెట్టేవాడు ఇంట్లో చేసేది కూడా అదే పని, కాకపోతే ఆ తారును పట్టుకోవడానికి వాడి దగ్గరున్నది పొగగొట్టం ఒక్కటే.

ఇక కొనుగోలు సంగతి. ఇంగ్లండులో 2021 మే 1 నుంచి, రెండు ఘనపు మీటర్ల కంటే తక్కువ పరిమాణంలో అమ్మే కట్టెలలో తేమ 20 శాతానికి మించకూడదనీ, వాటి మీద 'రెడీ టు బర్న్' గుర్తు ఉండాలనీ చట్టం వచ్చింది. నా కాలంలో ఈ సదుపాయం లేదు. మా మేనల్లుడి కాలంలో ఉంది, అయినా వాడు బోల్తా పడ్డాడు. చిన్న మూటలు ఖరీదెక్కువని, ఒకేసారి మూడు ఘనపు మీటర్లు చవకగా తెప్పించుకున్నాడు. అంత పెద్ద మొత్తంలో పచ్చికట్టెను అమ్మడం తప్పు కాదు, దానితోపాటు ఎలా ఆరబెట్టుకోవాలో చెప్పే సూచనలు ఇస్తే చాలు. అమ్మినవాడు కాగితం ఇచ్చాడు. ప్రకటన కాగితమనుకుని మనవాడు దానితోనే పొయ్యి ముట్టించాడు.

తేమ కొలిచే మీటరు అక్కడ హార్డ్‌వేరు దుకాణాల్లో ఇరవై పౌండ్ల లోపే దొరుకుతుంది. స్వెట్టరు కంటే ముందు దాన్ని కొనండి. దానికి రెండు సూదులు ఉంటాయి. కట్టె చివరనో బెరడు మీదో గుచ్చి, 15 చూపిస్తోందని సంబరపడితే మిమ్మల్ని మీరే మోసం చేసుకున్నట్టు. ఎండలో పెట్టిన వడియం పైన గట్టిపడి లోపల మెత్తగా ఉన్నట్టే, కట్టె కూడా పైన ముందు ఆరుతుంది. మొద్దును ఇంట్లోకి తెచ్చి, రాత్రంతా గది వేడికి ఉంచి, మరునాడు రెండుగా చీల్చి, కొత్తగా చీలిన ముఖం మధ్యలో సూదులు గుచ్చాలి. ఒక్కదానితో సరిపెట్టకుండా, కుప్పలో వేర్వేరు చోట్ల నుంచి నాలుగైదు తీసి చూడాలి. మా మేనల్లుడు చివరికి మీటరు కొని గుచ్చితే 34 వచ్చింది. పొయ్యి మార్పించేవాడట!

ఆరబెట్టడంలో మనవాళ్లు చేసే తప్పు మరొకటి ఉంది. తుపానులు చూసిన ఊరివాళ్లం కనుక, వాన అనగానే కుప్ప మొత్తాన్ని టార్పాలిన్‌తో కప్పి, అంచుల మీద రాళ్లు పెడతాం. అలా కప్పితే లోపలి తేమ బయటికి పోయే దారి లేక కట్టె బూజు పడుతుంది. కట్టెకు కావలసింది ఎండ కంటే గాలి. పైన కప్పు ఉండాలి, పక్కలు తెరిచి ఉండాలి, అడుగున నేల తగలకుండా చెక్కలు వేసి పేర్చాలి. నీరు ఎక్కువగా కట్టె కొసల నుంచే పోతుంది, బెరడు దాన్ని ఆపుతుంది. అందువల్ల పొట్టిగా కోసి పేళ్లుగా చీల్చినది, గుండ్రని మొద్దు కంటే ఎంతో త్వరగా ఆరుతుంది. ఓక్ కట్టెకు అక్కడ రెండేళ్లు పట్టడం మామూలే, యాష్ చెట్టు కట్టెలో మొదటి నుంచీ నీరు తక్కువ కనుక త్వరగా సిద్ధమవుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను పడగొట్టిన చెట్లను, 2015 సంక్రాంతికి నేను సెలవు మీద వచ్చినప్పుడు, మా వీధిలో భోగి మంటలో వేశారు. అప్పటికి మూడు నెలలైంది కదా, ఆరిపోయి ఉంటాయని అందరూ అనుకున్నారు. తెల్లవారేసరికి మంట కంటే పొగే ఎక్కువై పిల్లలందరూ కళ్లు నలుపుకుంటూ ఇళ్లలోకి పోయారు. మన ఎండలోనే మూడు నెలలు చాలకపోతే, కంబ్రియా వానల్లో ఎన్ని నెలలు కావాలో మీరే లెక్క వేసుకోండి.

కట్టె ఆరినదైతే మిగిలినది కష్టం కాదు. పెద్ద పేళ్లు అడుగున, చితుకులు పైన పెట్టి పైనుంచి ముట్టించండి. మన గాడిపొయ్యికి తలకిందులైన పద్ధతిలా కనిపిస్తుంది, కానీ పై మంట మీదుగా వెళ్లేటప్పుడు కింది నుంచి వచ్చే వాయువులు మండిపోతాయి కనుక పొగ తక్కువ వస్తుంది. బూడిదను రోజూ ఊడ్చేయకండి, కట్టె ఒక అంగుళం బూడిద పరుపు మీద బాగా మండుతుంది. మొదట గాలిని పూర్తిగా తెరిచి, మంట నిలదొక్కుకున్నాక కొద్దికొద్దిగా తగ్గించండి, మంట చురుకుగా ఆడుతూ ఉండాలి. గొట్టానికి అంటించే అయస్కాంతపు థర్మామీటరు దొరుకుతుంది, అందులో ముల్లు సుమారు 120, 240 డిగ్రీల మధ్య ఉంటే చాలు. అయిదు కిలోవాట్ల పొయ్యి గంటకు కిలోన్నర కట్టెకు మించి అడగదు, దాని నోరు పట్టినంత కూరవద్దు.

రాత్రి పడుకునే ముందు గాలి మూసేసి, తెల్లారేదాకా మగ్గనివ్వాలన్న ఆలోచన మనవాళ్లకు మరీ సహజంగా వస్తుంది, ఎందుకంటే మన అమ్మమ్మలు కుంపట్లో నిప్పుకు నివురు కప్పి పొద్దుటికి దాచేవారు. అక్కడ దాచింది బొగ్గునిప్పు, అందులోని వాయువులు బొగ్గు తయారైనప్పుడే పోయాయి. మీ పొయ్యిలో వేసింది పచ్చి వాయువులున్న కట్టె. దాన్ని మగ్గబెడితే ఎనిమిది గంటలపాటు తారు పోస్తుంది. మంటను ఆరిపోనివ్వండి, రాతి గోడ కొంత వేడిని దాచుకుంటుంది, పొద్దున్న నిప్పులు మిగిలితే నాలుగు చితుకులతో రాజేసుకోవచ్చు.

ఒక్క విషయంలో మాత్రం బతిమాలను, ఆజ్ఞాపిస్తాను. గోడలో గాలి రావడానికి ఉంచిన రంధ్రం నుంచి చల్లగాలి కొడుతోందని దాన్ని మూయకండి. నేను పాత పంచె కుక్కి మూశాను. ఆ పైన వంటగదిలో ఎండుమిరపకాయల పోపుకు ఎగ్జాస్ట్ ఫ్యాను వేశాను. ఇంట్లోకి గాలి రావడానికి వేరే దారి లేక, ఫ్యాను పొగగొట్టం నుంచే గాలిని లాగింది, పొయ్యిలోని పొగ హాల్లోకి దిగింది. ఆ పొగ కంటికి కనిపించింది కనుక బతికాం, కార్బన్ మోనాక్సైడ్ కనిపించదు, వాసన కూడా రాదు. ఇంగ్లండులో కట్టెల పొయ్యి ఉన్న గదిలో దానికి అలారం పెట్టించడం అద్దెకిచ్చే యజమాని చట్టపరమైన బాధ్యత. లేకపోతే మొహమాటపడకుండా అడగండి, ఉంటే బటన్ నొక్కి మోగుతోందో లేదో చూడండి. అది మోగినా, ఇంట్లో అందరికీ ఒకేసారి తలనొప్పి, వికారం వచ్చినా, తలుపులు తెరిచి బయటికి వెళ్లాకే అక్కడి అత్యవసర నంబరు 999కు ఫోను చేయండి.

రంగు వేసిన చెక్క, ప్లైవుడ్, మందు పట్టించిన కర్ర, పాల ప్యాకెట్లు పొయ్యిలో వేయకండి. పొగగొట్టాన్ని చలికాలానికి ముందు ఏడాదికి ఒకసారి, రోజూ వాడితే రెండుసార్లు శుభ్రం చేయించి, రశీదు దాచుకోండి, బీమావారు అడుగుతారు. మీ ప్రాంతం పొగ నియంత్రణ పరిధిలో ఉందేమో స్థానిక కౌన్సిలును అడిగి తెలుసుకోండి. 1952 డిసెంబరులో లండన్‌ను కమ్మిన పొగమంచు తర్వాత 1956లో వచ్చిన చట్టంతో మొదలైన పరిధులివి, అక్కడ పొగ వదిలితే జరిమానా ఉంటుంది.

ఇంత బెదిరించాక ఒక మాట ఒప్పుకోక తప్పదు. రెండో చలికాలం నాటికి మా పొయ్యి అద్దం వారాల తరబడి తేటగా ఉండేది, చిమ్నీ మీద పొగ కనిపించక, పొయ్యి వెలిగించలేదేమో అని పక్కింటి పెద్దాయన వచ్చి అడిగి వెళ్లాడు. మీకూ అలాగే అలవాటవుతుంది, మనవాళ్లెవరూ ఈ పని చేతకాక తిరిగి రాలేదు. మా మేనల్లుడు కూడా ఆ మూడు ఘనపు మీటర్లను చీల్చి, పక్కలు తెరిచిన కొట్టంలో పేర్చి, ఈ ఏడాదికి 'రెడీ టు బర్న్' గుర్తు వేసిన మూటలే కొనుక్కుంటున్నాడు. ఖర్చు ఎక్కువైందని వాళ్లమ్మ నాకు ఫోను చేసి నిష్ఠూరమాడింది.

వచ్చే చలికాలపు కట్టెను మీరు ఏప్రిల్‌లోనే తెప్పించుకుని పేర్చండి. అక్టోబరులో వ్యానువాడి మాట నమ్మవలసిన అవసరం ఉండదు, సెప్టెంబరులో ఒకటి చీల్చి మీటరు గుచ్చండి, 20 దాటితే దాన్ని ఆ పై ఏడాదికి వదిలేయండి.